పిడికిలి వెనక మగ్గం చప్పుడు

సాయంత్రం అయిదున్నర. మా వీధి చివర బడి ఆవరణలో తెల్లబట్టల పిల్లలు వరసలు కట్టి నిలబడ్డారు. మాస్టారు "ఇచి, నీ, సాన్" అని అంకెలు చెబుతుంటే ఒక్క గొంతుతో అరుస్తూ పిడికిళ్లు విసురుతున్నారు. గోడవారగా ఉన్న అరుగు మీద తల్లులు కూచున్నారు. ఒకావిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఇంకొకావిడ ఒళ్లో చంటిపిల్ల. మరొకావిడ ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, భుజాన బ్యాగు అలాగే ఉంది.

నా పక్కన కూచున్నావిడ మెల్లిగా అంది. "మూడు నెలలైందండీ మా అమ్మాయి చేరి. చెయ్యి విసరడం, తన్నడం వచ్చేసినట్టే కదా. వచ్చే ఏడు పదో క్లాసు. ఇక మాన్పించేద్దామనుకుంటున్నా. ఆత్మరక్షణకు ఆమాత్రం చాలదూ?"

మరి తమ్ముడో అని అడిగాను. వాడూ అదే వరసలో ఉన్నాడు. "వాడు మగపిల్లాడు కదండీ. బెల్టులు తెచ్చుకుంటే రేపు ఎందుకైనా పనికొస్తాయి. వాణ్ని ఉంచుతాం" అంది.

ఆవిడ తప్పుగా ఏమీ అనలేదు. మనలో చాలామందిమి అలాగే అనుకుంటాం. అబ్బాయికి కరాటే ఒక మెట్ల దారి. అమ్మాయికి మాత్రం జ్వరానికి మందుబిళ్లలా ఒక్క కోర్సు. ఆ పూట ఆవిడకు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుక్కుంటూ ఈ విద్య కథ చదివాను. అక్కడ పిల్లలు చేస్తున్నది షోటోకాన్ కరాటే. ఎక్కడో జపాన్‌కు దక్షిణాన ఉన్న ఒక దీవిలో, రాత్రిళ్లు దొంగచాటుగా నేర్చుకున్న విద్య, మన వీధి చివరిదాకా ఎలా వచ్చింది? దాన్ని మోసుకొచ్చిన సంఘం ఎలా పెరిగింది? ఆ పెరుగుదలలో ఆడవాళ్లు ఎక్కడున్నారు? ఈ వారం మీతో ఆ సంగతులే చెప్పాలనుకుంటున్నాను.

షోటోకాన్‌కు మూలపురుషుడు గిచిన్ ఫునాకోషి. 1868లో ఒకినావా దీవిలోని షురిలో పుట్టారు. వృత్తిరీత్యా బడిపంతులు. అజాటో, ఇటోసు అనే ఇద్దరు గురువుల దగ్గర కరాటే నేర్చుకున్నారు. ఆ రోజుల్లో పంతులు జీతమెంత? ఇంట్లో తినేవాళ్లు పదిమంది. మరి సంసారం ఎలా గడిచిందీ అంటే, ఆ సంగతి ఆయనే తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నారు. ఆయన భార్య రాత్రి పొద్దుపోయేదాకా మగ్గం మీద బట్ట నేసేది. తెల్లారకముందే లేచి, చాలా దూరంలో ఉన్న చిన్న చెక్కకు నడిచివెళ్లి కూరగాయలు పండించేది. ఒక్కోసారి పంతులుగారూ వెంట వెళ్లేవారు. కానీ బడిపంతులు పెళ్లాంతో కలిసి మట్టిపని చెయ్యడం అప్పట్లో నామోషీ. అందుకని ఎవరూ పోల్చుకోకుండా మొహం కప్పేంత పెద్ద టోపీ పెట్టుకునేవారట!

ఆ ఇల్లాలు కరాటేను పద్ధతిగా కూచుని నేర్చుకున్నది కాదు. చూసి చూసి పట్టేసింది. రోజంతా చాకిరీ చేసి ఒళ్లు నొప్పులు పుడితే, కాళ్లు పట్టించుకోవడానికి బదులు వాకిట్లోకి వెళ్లి కతా చేసుకునేదట. కతా అంటే ఊహలోని ప్రత్యర్థిని ఎదుర్కొంటూ ఒక వరుసలో చేసే కదలికలు. భర్త ఇంట్లో లేనప్పుడు వచ్చిన కుర్రాళ్లకు తప్పులు దిద్ది చూపించేదని కూడా ఆయనే చెప్పుకున్నారు. అంటే ఈ సంప్రదాయంలో తొలినాటి గురువుల్లో ఒక ఆడమనిషి ఉందన్నమాట. ఆమెకు బెల్టు లేదు, సర్టిఫికెట్టు లేదు. ఏ సంఘం రిజిస్టర్లోనూ పేరు లేదు.

1922లో ఫునాకోషి కరాటే ప్రదర్శన ఇవ్వడానికి టోక్యో వెళ్లారు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్లు. నాలుగు రోజుల్లో తిరిగొచ్చేద్దామని వెళ్లిన మనిషి, నేర్పమని అడిగేవాళ్లు ఎక్కువవడంతో అక్కడే ఉండిపోయారు. ఒక విద్యార్థుల హాస్టల్లో చిన్న గది. పగలు ఆవరణ ఊడ్చడం, కాపలా కాయడం. సాయంత్రం పాఠాలు. డబ్బు చాలక వస్తువులు తాకట్టు పెట్టిన రోజులున్నాయి. భోజనం ఖర్చు తగ్గించుకోవడానికి హాస్టల్ వంటవాడికి కరాటే నేర్పారు.

భార్యను రమ్మంటే ఆమె రానంది. పెద్దల సమాధులు, వాళ్లకు జరపవలసిన కార్యాలు వదిలి రావడం ధర్మం కాదంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ దంపతులు చెరో చోట బతికారు. రెండో ప్రపంచయుద్ధంలో ఒకినావా నేలమట్టమయ్యాక ఆమె కాందిశీకురాలిగా క్యూషూ దీవిలోని ఓయిటాకు చేరుకుంది. ఆయన అక్కడికి వెళ్లి ఆమెను కలుసుకున్నారు. 1947లో ఆమె కన్నుమూసింది. అస్థికలతో ఆయన రైల్లో టోక్యోకు తిరిగి వస్తుంటే, దారిపొడుగునా స్టేషన్లలో పాత శిష్యులు వచ్చి నిలబడి నమస్కరించారట. బతికుండగా ఆమెకు దక్కిన గౌరవం కన్నా ఆ రైలు ప్లాట్‌ఫారాల మీద దక్కిందే ఎక్కువేమో అనిపిస్తుంది నాకు.

ఆమె పోయిన రెండేళ్లకు, 1949లో, టోక్యోలో జపాన్ కరాటే అసోసియేషన్ ఏర్పడింది. అప్పటి పరిస్థితి చూడండి. శిష్యులు చందాలు వేసుకుని గురువుగారికి 1930లలో కట్టించిన శిక్షణశాల 1945 బాంబుదాడుల్లో కాలిపోయింది. 'షోటో' అన్నది ఫునాకోషి కవితలకు పెట్టుకున్న కలంపేరు. పైన్ చెట్ల మధ్య గాలి హోరు అని అర్థం. 'కాన్' అంటే భవనం. ఆ భవనం పోయి పేరు మాత్రం మిగిలింది. గురువుగారికి ఎనభై ఏళ్లు. దేశం ఓడిపోయి పరాయి సైన్యం చేతిలో ఉంది. ఇలాంటి రోజుల్లో కాలేజీల్లో కరాటే నేర్చుకున్న పాతవిద్యార్థులు కూడి సంఘం పెట్టారు. ఫునాకోషిని గౌరవ ప్రధానాచార్యుడిగా కూచోబెట్టి, నేర్పే బాధ్యత మసతోషి నకయామా భుజాన వేశారు.

చేతిలో చిల్లిగవ్వ లేని సంఘం ఎలా పెరిగింది? నాకు మూడు కారణాలు కనిపించాయి.

మొదటిది మెట్ల వరస. జూడో గురువు జిగోరో కానో పద్ధతి చూసి ఫునాకోషి 1924లోనే తన శిష్యులకు తొలి డాన్ పట్టాలు ఇచ్చారు. అదే మన పిల్లలు కలలుగనే బ్లాక్ బెల్టు. సంఘం ఆ మెట్లకు పరీక్షలు, పాఠ్యక్రమం పెట్టింది. ఏ బెల్టుకు ఏ కతా రావాలో, కాలు ఎంత వంగాలో, తుంటి ఎప్పుడు తిరగాలో అన్నీ ఒక పద్ధతిలో పెట్టారు. గురువు మూడ్‌ను బట్టి మారే విద్య, ఎక్కడైనా ఒకేలా పరీక్షించగల విద్యగా మారింది.

రెండోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది, గురువులను తయారు చెయ్యడం. 1955లో టోక్యోలోని యోట్సుయాలో ఒక సినిమా సంస్థ భవనంలో సంఘానికి సొంతంగా శిక్షణశాల దొరికింది. మరుసటేడే బోధకుల కోర్సు మొదలైంది. బాగా కొట్టగలిగినవాడు బాగా నేర్పగలడని ఏముంది? మన బళ్లలో లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాళ్లందరూ లెక్కల మాస్టార్లు కాగలరా? అందుకే అక్కడ చేరినవాళ్లు ఒళ్లు హూనం చేసుకోవడమే కాకుండా శరీరం ఎలా పనిచేస్తుందో చదవాలి, వ్యాసాలు రాయాలి, నేర్పడం నేర్చుకోవాలి. హిరోకాజు కనజావా, తకయుకి మికామి లాంటివాళ్లు అందులోంచి వచ్చిన తొలివిడత బోధకులు.

మూడోది చట్టబద్ధత. 1957లో జపాన్ విద్యాశాఖ ఈ సంఘాన్ని గుర్తించింది. సంఘం ఎవరి సొంత ఆస్తీ కాకుండా, ఒక నియమావళి, ఒక లెక్కాపత్రం ఉన్న సంస్థ అయింది. ఆ ఏప్రిల్‌లోనే ఫునాకోషి కన్నుమూశారు. అక్టోబరులో మొదటి అఖిల జపాన్ కరాటే పోటీలు జరిగాయి.

ఆ పోటీల గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. గెలుస్తాడనుకున్న కనజావాకు పోటీకి కొద్దిరోజుల ముందు చెయ్యి విరిగింది. తప్పుకుందామనే అనుకున్నాడు. కానీ కొడుకు ఆట చూడాలని తల్లి ఊరినుంచి బయల్దేరి వచ్చింది. సంగతి విని, ఇంకో చెయ్యి ఉంది కదా, రెండు కాళ్లూ ఉన్నాయి కదా అందట! కొడుకు విరిగిన చేత్తోనే దిగి ఛాంపియన్ అయ్యాడు. కరాటే లోకంలో ఈ కథ తెలియనివాళ్లు తక్కువ. విరిగిన చేత్తో బిడ్డను బరిలోకి పంపడం మంచిదా అని అడిగితే నేనైతే మంచిది కాదనే అంటాను. ఆ సంగతి అలా ఉంచండి. ఆ తల్లి ఎక్కడుందో మాత్రం చూడండి. బరి బయట, గోడవారగా ఉన్న అరుగు మీద. మనం కూచున్న చోటే.

ఆ తర్వాత ఎదుగుదల చాలా వేగంగా జరిగింది. 1961లో నిషియామా లాస్ ఏంజిల్స్‌కు, ఒకజాకి ఫిలడెల్ఫియాకు, కనజావా హవాయికి వెళ్లారు. 1965లో కసే, కనజావా, ఎనోయెడా, షిరాయి నలుగురూ కలిసి అమెరికా, యూరప్‌లు చుట్టారు. మరుసటేడు బ్రిటన్‌లో షోటోకాన్ వాళ్ల సొంత సంఘం వెలిసింది. బోధకుల కోర్సు లేకపోతే ఇది జరిగేదా? భాష రాని దేశంలో, జిమ్‌లో ఓ మూల దొరికిన జాగాలో నిలబడి, అదే కతాను అదే పద్ధతిలో నేర్పగల మనుషులు ఉండబట్టే కదా! నకయామా ఫొటోలతో సహా వివరంగా రాసిన పుస్తకాలు ఇంగ్లీషులో వచ్చి, బోధకుడు చేరని ఊళ్లకు కూడా చేరాయి. అలా షోటోకాన్ ప్రపంచంలో ఎక్కువమంది నేర్చుకునే కరాటే పద్ధతుల్లో ఒకటయింది.

అంతా పూలబాట కాదు. ఫునాకోషి అంత్యక్రియలు ఎవరు జరపాలన్న దగ్గరే శిష్యులు రెండుగా చీలారు. 1970ల చివర్లో కనజావా విడిపోయి వేరే సంస్థ పెట్టుకున్నారు. 1987లో నకయామా పోయాక, సంఘం పేరు మాదంటే మాదని రెండు వర్గాలు కోర్టుకెక్కాయి. ఆ తగువు 1999లో సుప్రీంకోర్టుదాకా పోయి తేలింది. మన దగ్గర మాత్రం తక్కువా? మన దేశంలో కరాటే సంఘంలో తగాదాలు ముదిరి, 2020లో ప్రపంచ సమాఖ్య దాని సభ్యత్వాన్ని తాత్కాలికంగా నిలిపేసింది. పెద్దల కుర్చీల కొట్లాటలో నలిగేది ఎవరు? నాలుగేళ్లు చెమటోడ్చి తెచ్చుకున్న సర్టిఫికెట్టు చెల్లుతుందో లేదో తెలియక దిక్కులు చూసే పిల్లలు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఇంత పెరిగిన ఈ లోకంలో ఆడవాళ్లకు చోటు ఎప్పుడొచ్చింది?

ఫునాకోషి తన రచనల్లో ఈ విద్య ఆడవాళ్లకూ పనికొస్తుందని చెప్పారు. 1935లో అచ్చయిన తన పెద్ద పుస్తకంలో స్త్రీల ఆత్మరక్షణ పద్ధతులకు ఒక భాగం కేటాయించారు. గురువు ఉద్దేశం అది. కానీ కాలేజీ కుర్రాళ్లు పెట్టిన సంఘం చాలాకాలం కుర్రాళ్ల సంఘంగానే నడిచింది. ప్రపంచ కరాటే పోటీలు 1970లో టోక్యోలో మొదలయ్యాయి, మగవాళ్లకే. ఆడవాళ్లకు కతా పోటీ పెట్టింది 1980లో మాడ్రిడ్‌లో. ఎదురెదురుగా నిలబడి తలపడే పోటీ 1982లో తైపేలో. అంటే ఒంటరిగా చేసి చూపడానికి పదేళ్లు, ఎదుటి మనిషితో తలపడటానికి పన్నెండేళ్లు ఆగాల్సి వచ్చింది. ఆడపిల్ల కరాటే చేస్తే చూడ్డానికి బాగుంటుంది, కొట్లాడితే మాత్రం బాగోదు అన్న మాట మనదేశంలోనే కాదు, అక్కడా ఉన్నదేనన్నమాట!

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే మొదటిసారి వచ్చింది. ఆడవాళ్లకు నాలుగు, మగవాళ్లకు నాలుగు పోటీలు. సగానికి సగం. ఒకినావా వాకిట్లో మగ్గం దిగి కతా చేసుకున్న ఆ ఇల్లాలు ఉంటే ఎంత మురిసిపోయేదో! 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కరాటే లేదు, అది వేరే సంగతి. పతకాల బల్ల మీద మాత్రం సమానత్వం వచ్చింది. నేర్పేచోట, పరీక్ష పెట్టేచోట, సంఘం మీటింగుల్లో కుర్చీలున్న చోట వచ్చిందా? మన ఊళ్లో క్లాసులకు వెళ్లి చూడండి. తెల్ల బెల్టుల వరసలో అమ్మాయిలు బోలెడుమంది ఉంటారు. బెల్టు రంగు ముదిరేకొద్దీ వాళ్ల సంఖ్య పలచబడుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతులు వచ్చేసరికి ఒక్కొక్కరే మాయమవుతారు. పెద్దమనిషైందని, ట్యూషన్లని, పదో తరగతని, చీకటి పడ్డాక రావడం కష్టమని. ఇక నేర్పే ఆడ మాస్టార్లు ఎక్కడినుంచి వస్తారు?

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదనను. సమగ్ర శిక్ష కింద బడుల్లో ఆరు నుంచి పన్నెండు తరగతుల అమ్మాయిలకు రాణి లక్ష్మీబాయి పేరుతో ఆత్మరక్షణ శిక్షణ ఇచ్చే పథకం ఉంది. కస్తూర్బా విద్యాలయాల పిల్లలకూ ఇది వర్తిస్తుంది. మంచి పనే. కానీ అదీ మూడు నెలలే. మూడు నెలల్లో బెరుకు పోతుంది, గొంతు లేస్తుంది. అరవడం, విదిలించుకోవడం, పరిగెత్తడం వస్తే అదీ లాభమే. కానీ మూడు నెలల్లో కాలు నేలమీద స్థిరంగా నిలబడటం కూడా సరిగ్గా రాదు. నేర్చినది వాడక మరిచిపోతే, ధైర్యం మాత్రం మిగిలి ఒడుపు మిగలకపోతే, అది మరీ ప్రమాదం. ఈ విద్యకు నిరంతరం వేడి తగులుతూ ఉండాలని, లేకపోతే కాగిన నీళ్లు చల్లారినట్టే అవుతుందని కరాటే పెద్దలు చెబుతారు. వంటింట్లో ఉండే మనకు ఆ మాట వేరే వివరించాలా?

ఆ సంఘం కథలో నాకు దొరికిన జవాబు ఇది. ఎవరో ఒక మహానుభావుడి పిడికిలి బలంతో విద్య నిలబడలేదు. మెట్లు, మెట్లెక్కించే గురువులు, లెక్క చెప్పే సంస్థ ఉండబట్టి నిలబడింది. ఆ మూడూ మన ఆడపిల్లలకు లేకుండా చేసి, మూడు నెలల శిబిరం చేతిలో పెట్టి, ఇక నిన్ను నువ్వే కాపాడుకో అనడం న్యాయమేనా?

అందుకే తల్లులకు నాదొక విన్నపం. క్లాసులో చేర్పించేముందు ఫీజు ఎంతని మాత్రమే అడక్కండి. మాస్టారు ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. ఏ సంఘం కింద బెల్టులిస్తారో, ఆ సంఘానికి రిజిస్ట్రేషన్ ఉందో, దానిపైన ఎవరు గుర్తించారో అడగండి. పరీక్ష ఫీజుకు రసీదు అడగండి. ఆర్నెల్లలో బ్లాక్ బెల్టు ఇప్పిస్తామంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. బట్టలు మార్చుకోవడానికి గది ఉందా, నేర్పడానికి ఒక్క ఆడమనిషైనా ఉందా అని అడగండి. లేకపోతే ఎప్పుడు వస్తుందని అడగండి. నెలసరి రోజుల్లో ఇబ్బంది చెప్పుకోవడానికి ఒక అక్క ఉంటే, ఎనిమిదో తరగతిలో మానేసే అమ్మాయిల్లో సగంమందైనా ఆగుతారని నా నమ్మకం.

సంఘాలు నడిపేవాళ్లకు ఇంకో మాట. ఫీజులు కట్టేది మేము. తెల్ల డ్రెస్సులు ఉతికి గంజి పెట్టేది మేము. పోటీలకు పులిహోర కట్టించి, బస్సెక్కించి, దెబ్బలకు కాపడం పెట్టేది మేము. జిల్లా సంఘం కమిటీలో మాత్రం ఎంతమంది ఆడవాళ్లున్నారు? సీనియర్ అమ్మాయిలకు బోధకులుగా శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి నిలబెట్టండి. 1956లో టోక్యోలో పేద సంఘం చేసిన పని ఇవాళ మీరు చెయ్యలేరా?

ఒక్క జాగ్రత్త కూడా చెప్పాలి. ఫునాకోషి తన శిష్యులకు పదేపదే చెప్పింది, ముందుగా చెయ్యెత్తకూడదని. మా అమ్మాయికి కరాటే వచ్చు, ఇక రాత్రి ఎక్కడికైనా పంపొచ్చు అని ఎవరూ బాధ్యత వదిలించుకోకూడదు. దీపాలు వెలిగించాల్సింది మున్సిపాలిటీ, కేసు రాసుకోవాల్సింది పోలీసులు, కొడుకుకు బుద్ధి చెప్పాల్సింది తల్లిదండ్రులు. అమ్మాయి పిడికిలి వీటికి బదులు కాదు. కానీ తన కాళ్లమీద తాను సూటిగా నిలబడి, ఎదుటివాడి కళ్లలోకి చూడగలిగే తీరు ఆమెకు జన్మంతా ఉండే ఆస్తి. చదువుకి, ఉద్యోగానికి, అత్తవారింట్లో మాటకి మాట చెప్పడానికి కూడా అది అక్కరకొస్తుంది.

మొన్న మళ్లీ ఆ అరుగు మీద ఆవిడ కనిపించింది. ఈ కథంతా చెప్పాను. మగ్గం సంగతి విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "టోపీ పెట్టుకుని పొలానికెళ్లాడా ఆ పంతులు! మావారు సందులో బకెట్టు మొయ్యడానికీ అంతేనండీ" అంది. పోయేముందు మాస్టారి దగ్గరికి వెళ్లి ఏదో అడిగింది. వచ్చాక చెప్పింది. పదో తరగతి పిల్లలకు పొద్దున్న ఆరింటికి బ్యాచ్ పెడతారా అని అడిగిందట. ఇంకో నలుగురు అమ్మాయిలుంటే పెడతానన్నారట.

నలుగురేనా? మీ వీధిలో లేరూ?